కాన్యన్ అంచున ఒంటరిగా మూడు రాత్రులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలోని యూటా, అరిజోనా ఎడారుల్లో కాన్యన్ల (నదులు కోసిన లోతైన లోయల) అంచులు చూస్తూ, ఒంటరిగా టెంటు వేసుకుని రెండు మూడు రాత్రులు గడపాలనుకునే పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. ఒక మాట ముందే చెప్పాలి. నలుగురితో వెళ్తే ‘వద్దులే, వెనక్కి పోదాం’ అనేవాడు ఒకడైనా ఉంటాడు. ఒంటరి ప్రయాణంలో ఆ మాట అనేవాళ్ళుండరు. అందుకే ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్నవి బయలుదేరకముందే కాగితం మీద అంకెలుగా రాసుకోండి. కింది జవాబుల్లో అంకెలు ఎక్కువగా కనిపించేది అందుకే.

ప్రశ్న: మొదటిసారి ఒంటరిగా వెళ్తున్నాను. మే మొదటి వారంలో మూడు రాత్రులు. మామూలు కారే ఉంది. ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?

జవాబు: కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కులోని ‘ఐలాండ్ ఇన్ ది స్కై’ భాగానికి వెళ్ళండి. మోయబ్ ఊరి నుంచి ఉత్తరంగా 191వ నంబరు హైవే మీద 10 మైళ్ళు వెళ్ళి, 313వ నంబరు రోడ్డులోకి తిరిగి 22 మైళ్ళు పోతే విజిటర్ సెంటర్ వస్తుంది. ముఖ్యమైన వ్యూ పాయింట్లన్నింటికీ తారురోడ్డే. గ్రాండ్ వ్యూ పాయింట్, మీసా ఆర్చ్, గ్రీన్ రివర్ ఓవర్‌లుక్ చూడడానికి మామూలు కారు చాలు. అక్కడి క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నవి 12 స్థలాలే. బుకింగ్ లేదు, ముందు వచ్చినవాళ్ళదే స్థలం. మరుగుదొడ్లు, బల్లలు ఉంటాయి గాని నీళ్ళుండవు. గ్రీన్ రివర్ ఓవర్‌లుక్ అక్కడికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది కాబట్టి, సాయంత్రం అంచు దగ్గర కూర్చుని చీకటి పడ్డాక కారు తీయాల్సిన పనిలేదు. ఒంటరివాళ్ళకు ఇది చిన్న సౌకర్యం కాదు.

మే నెలలో ఆ 12 స్థలాలు తొందరగా నిండిపోతాయి. సోమవారం నుంచి గురువారం లోపు ఏదో ఒకరోజు ఉదయం తొమ్మిదింటికల్లా చేరుకుని, ఖాళీ చేస్తున్నవాళ్ళ కోసం చూడండి. దొరక్కపోతే ఏం చేయాలో ఆ రాత్రి ఆలోచించుకోకూడదు. దారిలోనే డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్క్ ఉంది. కొలరాడో నదికి 2,000 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడ ముందుగా బుక్ చేసుకోవచ్చు. కనీసం మొదటి రాత్రికైనా అక్కడ స్థలం తీసుకుని పెట్టుకోండి. వ్యూ పాయింట్ల పార్కింగ్‌లో కారులో పడుకోవచ్చులే అనుకుంటే మాత్రం రేంజర్లు లేపి పంపేస్తారు.

ఇంకా దక్షిణంగా, మెక్సికన్ హ్యాట్ అనే ఊరి దగ్గర గూస్‌నెక్స్ స్టేట్ పార్క్ ఉంది. శాన్ హ్వాన్ నది 1,000 అడుగుల లోతున మెలికలు తిరుగుతూ, ఆరు మైళ్ళకు పైగా ప్రవహించి పడమటికి మైలున్నర మాత్రమే జరుగుతుంది. అంచు పక్కనే టెంటు వేసుకోనిస్తారు. అయితే ఒక్క చెట్టు నీడ కూడా లేదు, గాలికి అడ్డమేమీ లేదు. అక్కడికి మొదటి రాత్రి కాదు, మూడో రాత్రి వెళ్ళండి.

ప్రశ్న: నీళ్ళు ఎన్ని పట్టుకెళ్ళాలి? రోజుకు ఒక గ్యాలన్ అని అందరూ అంటారు. అది చాలుతుందా?

జవాబు: తాగడానికి మాత్రమే అయితే చాలుతుంది. ఒక గ్యాలన్ అంటే దాదాపు 4 లీటర్లు. మీ లెక్క ఇలా వేసుకోండి. మూడు రాత్రులంటే నాలుగు పగళ్ళు. తాగడానికి 16 లీటర్లు. వంటకు, గిన్నెలకు, చేతులకు రోజుకు 2 లీటర్ల చొప్పున 8. కారు మొరాయించి రెండు రోజులు ఇరుక్కుపోతే తాగడానికి మరో 8. మొత్తం 32 లీటర్లు, అంటే 32 కిలోల బరువు. నీళ్ళన్నీ మోయబ్‌లోనే నింపుకోండి.

అన్నీ ఒకే పెద్ద క్యానులో పోయడం మామూలుగా జరిగే పొరపాటు. క్యాను అడుగున ఉండే ప్లాస్టిక్ కుళాయి రోడ్డు కుదుపులకు ఏదో ఒక డబ్బాకు తగిలి వదులవుతుంది. రాత్రంతా చుక్క చుక్కగా కారిపోతే తెల్లారేసరికి డిక్కీలో కార్పెట్ తడిసి ఉంటుంది, క్యాను ఖాళీగా ఉంటుంది. 10 లీటర్ల క్యాన్లు రెండు, లీటరు సీసాలు పన్నెండు తీసుకోండి. కుళాయి ఉన్న మూత తీసేసి మామూలు మూత బిగించి తీసుకెళ్ళండి. కుళాయి క్యాంపుకు చేరాక బిగించుకోవచ్చు.

కాలిబాట పట్టినప్పుడు ఇంకో లెక్క ఉంది. కొండెక్కేవాళ్ళకు కష్టం ముందుంటుంది. కాన్యన్‌లో అది తలకిందులు. వెళ్ళేటప్పుడు దిగుడు, అలిసిపోయి ఎండ ముదిరాక వచ్చేటప్పుడు ఎక్కుడు. సగం నీళ్ళు అయ్యాక వెనక్కి తిరుగుదామంటే కుదరదు. మూడో వంతు అయిపోగానే తిరగండి. ఎండాకాలంలో పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా కాన్యన్‌లోకి దిగి నడవడమే వద్దు.

ఉత్త నీళ్ళే తాగుతూ పోతే ఇంకో ప్రమాదం ఉంది. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాక, రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, తికమక మొదలవుతాయి. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది, దాంతో మనిషి ఇంకా నీళ్ళు తాగుతాడు. అందుకే నీళ్ళతో పాటు గంటకోసారి ఉప్పగా ఉండేది ఏదో ఒకటి నోట్లో వేసుకోండి.

కింద నది కనిపిస్తోంది కదా, అవసరమైతే ఫిల్టర్ ఉందిగా అని ఒకరు రాశారు. కనిపిస్తుంది, అంతే! ఆ నీళ్ళు వెయ్యి అడుగుల నిటారు గోడ కింద ఉన్నాయి. ఎలాగో చేరినా, ఒండ్రుమట్టి కలిసిన ఆ నీళ్ళకు ఫిల్టర్ ఇట్టే పూడుకుపోతుంది. బండల గుంతల్లో నిలిచిన వాన నీళ్ళను ముట్టుకోవద్దు. అందులో ఫెయిరీ ష్రింప్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవులు బతుకుతాయి. మీ చేతికున్న సన్‌స్క్రీన్ చాలు వాటి ప్రాణం తీయడానికి.

ప్రశ్న: అంచు దగ్గర గాలి విపరీతమని విన్నాను. కింద అంతా బండ. మేకులు దిగవు. టెంటు ఎలా నిలబెట్టాలి?

జవాబు: ఇది చాలా మంచి ప్రశ్న, కాస్త వివరంగానే చెప్తాం. పగలు గోడలు వేడెక్కి గాలి కింది నుంచి పైకి ఎగదన్నుతుంది. మధ్యాహ్నం మూడు నుంచి పొద్దుగూకే దాకా అంచు మీద అదే ఎక్కువ. పొద్దున నిశ్శబ్దంగా ఉన్న చోటును చూసి మోసపోవద్దు.

సంచిలోంచి టెంటు తీయకముందే 10 లీటర్ల నీళ్ళ క్యాను చేతికి తెచ్చుకోండి. టెంటు పరిచి, గాలి వచ్చే వైపు మూలలో, లోపల ఆ క్యాను పెట్టండి. ఆ తర్వాతే కడ్డీలు ఎక్కించండి. ఇద్దరుంటే ఒకరు పట్టుకుంటారు. ఒంటరిగా ఉన్నప్పుడు మీ రెండో మనిషి ఆ క్యానే. కడ్డీలు ఎక్కించి, మేకుల కోసం వెనక్కి తిరిగేలోపు టెంటు గాలిపటంలా లేచి లోయలోకి పోవడం ఇక్కడ కొత్త విషయం కాదు. టెంటులో సన్నగా, ఎత్తు తక్కువగా ఉన్న వైపు గాలికి ఎదురుగా ఉండాలి.

బండ మీద తాడు కట్టే పద్ధతి: టెంటు తాడు చివర పిడికిలికన్నా కాస్త పెద్ద రాయి కట్టండి. దాన్ని టెంటుకు దూరంగా, తాడు బిగుతుగా వచ్చేంత దూరంలో పెట్టండి. ఇప్పుడు 10–15 కిలోల పెద్ద రాయిని చిన్న రాయికి ఇవతల, టెంటు వైపు, తాడు మీదుగా పెట్టండి. గాలి లాగినప్పుడు చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి అడ్డుపడి ఆగుతుంది. చాలామంది పెద్ద రాయికే తాడు చుట్టి ముడి వేస్తారు. గాలికి తాడు రాయి మొన మీద అటూ ఇటూ ఒరుసుకుని అర్ధరాత్రికి తెగుతుంది. చెప్పిన పద్ధతిలో కూడా తాడు ఒరుసుకోకుండా పెద్ద రాయి అడుగున నున్నటి వైపు చూసుకోండి.

ఇసుక అయితే: చిన్న గుడ్డ సంచిలో ఇసుక నింపి, మెడకు తాడు కట్టి, ఒక అడుగు లోతున పాతి, పైన కాలితో గట్టిగా తొక్కండి. తాడు నేలకు దగ్గరగా, ఏటవాలుగా రావాలి. నిటారుగా లాగితే సంచి పైకి వచ్చేస్తుంది. నాలుగు మూలలకు నాలుగు, గాలి వైపు అదనంగా రెండు. పొద్దున వెళ్ళేముందు రాళ్ళు ఎక్కడివి అక్కడ పెట్టేయండి.

టెంటు వేసే చోటు గురించి ఒకటే నియమం. ఇంతకుముందు వాడిన చోటు, లేదా ఉత్త బండ, లేదా వాన నీళ్ళు పారని ఉత్త ఇసుక. నల్లగా, గరుకుగా, చిన్న చిన్న బుడిపెల్లా ఉన్న మట్టి కనిపిస్తే కాలు పెట్టొద్దు. అది సైనోబ్యాక్టీరియా, నాచు, లైకెన్లు కలిసి అల్లుకున్న సజీవమైన పొర. గాలికి ఇసుక లేవకుండా పట్టి ఉంచేది అదే. మీ ఒక్క అడుగుకు విరిగింది కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది.

పడుకునే చాపకింద ముళ్ళు చూసుకోవడం మరిచిపోకండి. నాగజెముడు జాతి ముల్లు ఒక్కటి చాలు, గాలి పరుపు తెల్లారేసరికి చప్పబడిపోతుంది. రబ్బరు అతుకు కిట్ పరుపు సంచిలోనే ఉంచండి.

ప్రశ్న: అంచుకు ఎంత దూరంలో ఉండాలి? ఫొటోల్లో అందరూ కాళ్ళు వేలాడేసి కూర్చుంటున్నారు.

జవాబు: ఫొటోలో కనిపించనిది వాళ్ళ కింద ఏముందో. ఐలాండ్ ఇన్ ది స్కై అంచున పైన కయెంటా, దాని కింద వింగేట్ అనే గట్టి ఇసుకరాతి పొరలు, ఇంకా కింద చిన్లే అనే మెత్తటి పొర. మెత్తటి పొర వానకు, మంచుకు కరిగి కొట్టుకుపోతుంది. పైన గట్టి రాయి ఆధారం లేకుండా మిగిలి, ఏదో ఒక రోజు పెళ్ళలుగా విరిగి పడుతుంది. పై నుంచి చూస్తే గట్టి నేలలాగే ఉంటుంది, కింద బోలు. పక్కకు నడిచి, వేరే చోటి నుంచి మీరు నిలబడబోయే చోటు అడుగు భాగం చూస్తే గాని తెలియదు.

అందుకే కంచె లేని అంచు దగ్గర రెండు మీటర్లు వదలండి. అంచుకు సమాంతరంగా నేలలో పగులు కనిపిస్తే, అంచుకు కాదు, ఆ పగులుకు రెండు మీటర్లు. గట్టి బండ మీద పడి ఉన్న సన్నటి ఇసుక బూటు కింద గోళీల్లా దొర్లుతుంది, అదే ఎక్కువ మందిని జార్చేది. కెమెరా తెరలో చూస్తూ వెనక్కి నడవొద్దు. ముందు కాళ్ళు ఎక్కడ పెట్టాలో చూసుకుని, నిలబడ్డాకే కెమెరా తీయండి.

టెంటు అంచుకు కనీసం 30 మీటర్లు ఇవతల ఉండాలి. రాత్రి నిద్ర మత్తులో బయటికి వెళ్ళేది ఒక్కరే, చీకట్లో. టెంటు తలుపు అంచుకు వ్యతిరేక దిక్కుకు పెట్టి, మూత్రానికి వెళ్ళే దారిని పగలే నడిచి చూసుకోండి. హెడ్‌ల్యాంప్ ఎప్పుడూ ఒకే చోట, బూటులో ఉంచండి. బూటు వేసుకునే ముందు దులపాలి కాబట్టి (తేళ్ళు దూరుతాయి) దీపం కూడా చేతికొస్తుంది.

జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం ఉరుములు మామూలు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే అంచు వదిలి కారులో కూర్చోండి. చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా దిగొద్దు. టెంటు మెరుపు నుంచి కాపాడదు.

ప్రశ్న: టోరోవీప్ చూడాలని ఉంది. అద్దె ఎస్‌యూవీలో వెళ్ళొచ్చా?

జవాబు: గ్రాండ్ కాన్యన్ ఉత్తరపు అంచున టోరోవీప్ దగ్గర గోడ 3,000 అడుగులు నిటారుగా నదిలోకి దిగుతుంది. ఆశ పడడంలో తప్పులేదు. అయితే ఫ్రెడోనియా వైపు 389వ నంబరు రోడ్డు నుంచి 61 మైళ్ళ మట్టిరోడ్డు. చివర్లో రాళ్ళు తేలిన మెట్లు, అక్కడ అడుగు భాగం నేలకు ఎత్తుగా ఉండే బండి తప్పనిసరి. 22 అడుగుల పొడవుకు మించిన వాహనాన్ని రానివ్వరు. ముందస్తు పర్మిట్ ఉండాలి. నీళ్ళు, పెట్రోలు, ఫోన్ ఏవీ లేవు. అద్దె ఒప్పందాలు చాలావరకు మట్టిరోడ్డు మీద బండి నడపడాన్ని ఒప్పుకోవు. పైగా చాలా అద్దె కార్లలో స్టెప్నీగా సన్నటి చక్రమే ఇస్తారు, దాంతో ఆ రాళ్ళ మీద ఒక మైలు కూడా పోలేరు. ఒంటరిగా, మొదటిసారి అయితే మా సమాధానం: వద్దు.

రెండోసారి, సొంత బండిలో వెళ్తుంటే ఇవి చూసుకోండి. పూర్తి సైజు స్టెప్నీ, దానిలో గాలి బయలుదేరేరోజే కొలవాలి. జాకీ కింద పెట్టడానికి అడుగు చదరం మందపాటి ప్లైవుడ్, లేకపోతే జాకీ ఇసుకలోకి దిగిపోతుంది. పంక్చర్ కిట్, కారు బ్యాటరీతో నడిచే గాలి పంపు. అలల్లా గతుకులున్న చోట టైరు గాలి 35 నుంచి 27 దాకా తగ్గిస్తే కుదుపు తగ్గుతుంది. మరీ తగ్గిస్తే పక్క గోడను రాళ్ళు కోస్తాయి, పక్క గోడకు పడిన చీలికకు పంక్చర్ కిట్ పనికిరాదు. వేగం 25 మైళ్ళు దాటించకండి. వాన పడితే బంకమట్టి టైరు గాడులన్నీ పూడ్చేసి బండి సబ్బు మీద జారినట్టు జారుతుంది. అప్పుడు ఉన్నచోటే ఆగి, ఒకరోజు ఎండ కాసే దాకా కూర్చోవడమే. రెండు రోజుల అదనపు నీళ్ళు అందుకే.

కాస్త చిన్న పరీక్ష కావాలంటే గూస్‌నెక్స్ దగ్గర మోకీ డగ్‌వే ఉంది. 261వ నంబరు రోడ్డులో మూడు మైళ్ళ కంకర మెలికలు, 1,200 అడుగుల ఎక్కుడు. 1950ల్లో యురేనియం ఖనిజం లారీలు దిగడానికి తొలిచిన దారి. పొడి వాతావరణంలో మామూలు కారు నెమ్మదిగా పోతుంది. దిగేటప్పుడు మాత్రం బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, తక్కువ గేరులో దిగండి.

ప్రశ్న: మా అమ్మాయి ఒంటరిగా వెళ్తానంటోంది. అక్కడ ఫోన్ పనిచేయదట. మేము ఎలా నిశ్చింతగా ఉండాలి?

జవాబు: పూర్తిగా నిశ్చింతగా ఉండడం మీ వల్ల కాదు గాని అమ్మా, మీ చేతిలో ఒక కాగితం ఉంటే సగం దిగులు తగ్గుతుంది. బయలుదేరేముందు అమ్మాయి చేత ఇవి రాయించుకోండి: కారు రంగు, నంబరు ప్లేటు, ఏ రాత్రి ఏ క్యాంపులో, ఏ కాలిబాటలు, టెంటు రంగు, వాడే మందులు, తిరిగి ఫోను అందే చోటికి వచ్చే రోజు, గంట. చివరగా అన్నిటికన్నా ముఖ్యమైన ఒక్క వాక్యం: ‘ఈ సమయానికి నా నుంచి కబురు రాకపోతే వీళ్ళకు ఫోన్ చేయండి.’ నేషనల్ పార్కులో అయితే ఆ పార్కు రేంజర్లకు, బయట అయితే ఆ కౌంటీ (జిల్లా లాంటిది) పోలీసు అధికారి అయిన షెరీఫ్‌కు. రెండు నంబర్లూ కాగితం మీదే ఉండాలి. తిరిగొచ్చే గంటకు, ఫోను చేయాల్సిన గంటకు మధ్య కొన్ని గంటల వ్యవధి పెట్టుకోండి. టైరు మార్చుకునేసరికే మూడు గంటలు పోవచ్చు.

శాటిలైట్ పరికరాలు రెండు రకాలు. ఇన్‌రీచ్ లాంటిది నెలసరి చందా కట్టాలి గాని రెండు వైపులా సందేశాలు పోతాయి. పీఎల్‌బీ అనేది చందా లేకుండా, ఆపదలో నొక్కితే రక్షక దళాలకు సంకేతం పంపుతుంది, కబుర్లు మాత్రం చెప్పదు. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళుంటే మొదటిదే కొనండి. అంచు మీద ఆకాశం తెరిచి ఉంటుంది కాబట్టి సందేశం త్వరగా పోతుంది. కిందికి, గోడల మధ్యకు దిగాక అరగంట పట్టవచ్చు, పోకపోనూవచ్చు. అందుకే ‘రోజూ రాత్రి ఎనిమిదికి క్యాంపు నుంచి ఒక సందేశం’ అని ఒప్పందం చేసుకోండి. ఒకరోజు రాకపోతే గాభరా పడకుండా పొద్దున దాకా ఆగాలన్నది కూడా ఆ ఒప్పందంలో భాగమే. పరికరాన్ని బ్యాగులో కాదు, ఒంటి మీద పెట్టుకోమనండి. జారి పడినప్పుడు బ్యాగు పది అడుగుల దూరంలో పడి ఉండొచ్చు.

ప్రశ్న: మరుగుదొడ్డి లేనిచోట?

జవాబు: అడవిలో చేసినట్టు గుంత తీసి పూడ్చడం ఇక్కడ కుదరదు. ఎడారి మట్టిలో తేమ లేక మలం కుళ్ళదు, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. మోయబ్ చుట్టుపక్కల బీఎల్ఎం (ప్రభుత్వ భూముల నిర్వహణ సంస్థ) భూముల్లో చాలాచోట్ల మలాన్ని వెంట తీసుకెళ్ళాల్సిందే. గడ్డకట్టించే పొడి ఉన్న జిప్ సంచులు రోజుకు ఒకటి, అదనంగా రెండు. వాడినవి మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో. వాడిన కాగితం కూడా అందులోకే, అక్కడ కాల్చొద్దు.

ప్రశ్న: ఎడారి కదా, దుప్పటి చాలదా? వంటకు ఏ స్టవ్?

జవాబు: చాలదు. ఐలాండ్ ఇన్ ది స్కై 6,000 అడుగుల ఎత్తున ఉంది. వసంతంలో పగలు 60–80 ఫారన్‌హీట్ ఉన్నా రాత్రి 30–50కి పడిపోతుంది. 20 డిగ్రీల ఫారన్‌హీట్ స్లీపింగ్ బ్యాగ్ తీసుకోండి. దాని మీద రాసిన అంకె చాలాసార్లు బతికి బయటపడే హద్దే గాని హాయిగా నిద్రపట్టే వేడి కాదు, ‘కంఫర్ట్’ అని వేరుగా రాసిన అంకె చూడండి. పల్లపు గుంతల్లో చల్లగాలి పేరుకుంటుంది, కాస్త మెరకలో పడుకోండి.

ఆ ఎత్తులో నీళ్ళు 94 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. బియ్యం, పప్పులు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, గ్యాసూ నీళ్ళూ ఖర్చవుతాయి. వేడినీళ్ళు పోస్తే నానేవి తెచ్చుకోండి. గాలికి అడ్డుగా రేకు పెడితే స్టవ్‌కు మూడు వైపులే పెట్టండి. గ్యాసు డబ్బా మీదే కూర్చునే రకం స్టవ్‌కు చుట్టూ రేకు మూసేస్తే డబ్బా వేడెక్కి పేలిపోవచ్చు. తిండి మొత్తం గట్టి డబ్బాలో, కారులో ఉంచండి. ఇక్కడి బొంతకాకులు బ్యాగు జిప్పులు తీస్తాయి!

ప్రశ్న: మీసా ఆర్చ్ దగ్గర సూర్యోదయం, తర్వాత అరిజోనా వైపు. టైము ఎలా లెక్కపెట్టుకోవాలి?

జవాబు: మీసా ఆర్చ్ కింది భాగం ఎర్రగా వెలిగేది సూర్యోదయం తర్వాత కొద్దిసేపే. కింది గోడల మీద పడిన ఎండ ఎగసి తగలడం వల్ల వచ్చే రంగది. కనీసం గంట ముందే వెళ్ళండి, అప్పటికే కెమెరాల ముక్కాలిపీటలు వరసగా ఉంటాయి. సూర్యాస్తమయానికి గ్రీన్ రివర్ ఓవర్‌లుక్ మేలు, అక్కడ ఇంత జనం ఉండరు.

టైము విషయంలో చిక్కుంది. మార్చి నుంచి నవంబరు దాకా యూటా గడియారం గంట ముందుకు జరుపుకుంటుంది, అరిజోనా జరపదు. అరిజోనాలోనే ఉన్న నవాహో నేషన్ మాత్రం జరుపుతుంది. ఒకే రోజు డ్రైవింగ్‌లో ఫోను రెండు మూడుసార్లు టైము మార్చేస్తుంది, కొండల్లో దూరపు టవర్‌ను పట్టుకుని తప్పు టైమూ చూపిస్తుంది. చేతికి మామూలు గడియారం పెట్టుకుని, యూటా టైములోనే ఉంచి, ఇంట్లో ఇచ్చిన కాగితం మీద కూడా గంట పక్కన ‘యూటా టైము’ అని రాయండి.